కారు లిఫ్ట్ కొనే ముందు

చెన్నైలో సొంత ఇల్లున్న మనవారిలో కొందరికి కారు పనులు స్వయంగా చేసుకోవడం సరదా. రెండు స్తంభాల లిఫ్ట్ పెట్టించుకోవాలనుకునేవారు ధరకంటే ముందు ఇల్లు చూసుకోవాలి. అప్పిచ్చే ముందు హామీ చూసినట్లే ఇది.

గాలిలో ఉన్న కారు భారమంతా ఆ స్తంభాలను నేలకు బిగించిన బోల్టులూ, వాటి కింది కాంక్రీటూ మోయాలి. కాంక్రీటు కనీసం 4 అంగుళాలు, కొన్ని రకాలకు 6 అంగుళాల మందం కావాలి. టైల్స్ మీద బిగించడం ప్రమాదం. కారు ఎత్తు 5 అడుగులు, కింద నిలబడే మనిషి 6 అడుగులు అనుకున్నా, పైకప్పు 11 అడుగులు దాటాలి. అపార్ట్‌మెంట్ల కింది పార్కింగులో ఇది సాధారణంగా కుదరదు.

స్విఫ్ట్ బరువు టన్ను లోపే, ఇన్నోవా క్రిస్టా సుమారు 1.8 టన్నులు. ఇంటికి 3, 4 టన్నుల లిఫ్ట్ చాలు. అంతకు మించినదానికి డబ్బు పోయనక్కరలేదు. మోటారు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్నది ఇంటి కరెంటు కనెక్షన్‌ను బట్టి ఎంచుకోవాలి. కోయంబత్తూరులోని ఏటీఎస్ ఎల్జీ వంటి సంస్థలు వీటిని తయారు చేస్తున్నాయి గనుక, విడిభాగాలూ సర్వీసూ దగ్గరలో దొరుకుతాయో లేదో ముందే అడగండి.

పొదుపు ఎక్కడైనా చేయవచ్చు గాని, సేఫ్టీ లాకుల దగ్గరా బిగింపు పని దగ్గరా వద్దు. పాతది కొంటే తీగతాళ్ళు, లాకులు తెలిసిన మెకానిక్‌కు చూపించండి. ఆయిల్ మార్చడం వరకే పనైతే గట్టి జాక్ స్టాండ్లు చాలు. ఒట్టి జాకీని నమ్మి మాత్రం ఎవరూ కారు కిందకు దూరకండి.