నీమోకి చాలిన ట్యాంకు డోరీకి ఎందుకు చాలదు?

పిల్లలున్న ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం మాటెత్తితే ముందు అడిగేది రెండే చేపలు: నారింజ ఒంటి మీద తెల్ల చారల నీమో, నీలం ఒంటి డోరీ. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా చేసిన పని అది. దుకాణంలో రెండూ వేలెడంతే కనిపిస్తాయి. రెంటినీ మూడడుగుల ట్యాంకులో వేసేద్దామనిపిస్తుంది.

నీమో, అంటే క్లౌన్ చేప, ఎంత ఎదిగినా మన అరచేతిలో ఇమిడేంతే. పైగా గడప దాటని జీవి. సముద్రంలోనూ అనిమోన్ అనే ఒక జీవిని అంటిపెట్టుకుని దాని చుట్టూనే బతికేస్తుంది. డోరీ జాతి బ్లూ టాంగ్. అది 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పగడపు దిబ్బల అంచున, నీటి వడి ఉన్నచోట రోజంతా ఈదుతూ మేస్తుంది. 90 సెంటీమీటర్ల ట్యాంకంటే దానికి మూడు ఒళ్ల దూరం. వేగం అందుకునేలోపే అద్దం ఎదురవుతుంది. అలా బెదిరిన చేప ఒంటిమీద తెల్లమచ్చల జబ్బు తేలిగ్గా లేస్తుంది. తోడున్న చేపల మీదికీ విరుచుకుపడుతుంది. దాని తోక మొదట్లో కత్తిలాంటి ముల్లుంటుంది, సర్జన్ చేప అన్న పేరు అందుకే.

మరి ట్యాంకును ఎలా ఎంచాలి? దుకాణంవాళ్లు చెప్పే లీటర్లను నమ్ముకోవద్దు, టేపు పెట్టి కొలవండి. 60 పొడవు, 60 వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తున్న ట్యాంకులో 324 లీటర్లు పడతాయి. 120 పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తున్న దానిలోనూ 324 లీటర్లే. చేపకు మాత్రం రెండోదాంట్లో దారి రెట్టింపు. గాలి తగిలే నీటి పైభాగం కూడా ఒకటిన్నర రెట్లు. ఉప్పునీరు మంచినీటికంటే తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది, వేడెక్కితే ఇంకా తక్కువ. మే నెలలో కరెంటు పోయి పంపు ఆగిన రాత్రి ఈ తేడా ప్రాణాల మీదికొస్తుంది.

బ్లూ టాంగ్‌కి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కావాలని నా లెక్క. లోపల రాళ్లు పేర్చాక కూడా ఒళ్లు తిప్పుకునే చోటు మిగలాలి కదా! రెండడుగుల ఎత్తు పెడితే నీళ్లే 650 కిలోలు దాటతాయి. అద్దం, రాళ్లు, స్టాండు వేరు. మేడ మీద పెట్టేట్టయితే ఇంజనీరును అడగాల్సిందే.

"ట్యాంకును బట్టే చేప పెరుగుతుంది" అనే మాట కూడా వినిపిస్తుంది. చేప గిడసబారితే దాన్ని సర్దుకోవడం అనరు. ఇంట్లో మూడడుగుల జాగాయే ఉంటే క్లౌన్ చేపల జంటను తెచ్చుకోండి. పిల్లవాడు డోరీ ఏదని పేచీ పెడతాడు, సినిమా మళ్లీ పెట్టండి.