ఆన్‌లైన్ గాజుల దుకాణము: తెరువకముందు వేయవలసిన లెక్కలు

లాడ్ బజారులో దుకాణము ముందు నిలిచిన స్త్రీ చేతిని ఒక్కమారు చూచి, "రెండు ఆరు" అని దుకాణదారు కొలత చెప్పివేయుట మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. ఆమె గాజును చేతికెక్కించి చూచును, రంగును వెలుగులోనికి త్రిప్పి చూచును, బేరమాడును, నచ్చనిచో ప్రక్క దుకాణమునకు పోవును. ఆన్‌లైన్ దుకాణములో ఈ నాలుగింటిలో మొదటి మూడును లేవు. నాల్గవది మాత్రము మిక్కిలి సులభము.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులమైన మేము కొందరము కలిసి, లక్క గాజులు చేయు కుటుంబముల సరుకును ఆన్‌లైన్‌లో అమ్మవలెనని ఈ యేడు తలంచితిమి. మాలో ఇద్దరి తల్లులు ఇంటివద్దనే గాజులకు రాళ్లు అతుకుదురు. కూలి జతల లెక్కన వచ్చును. గాజు అమ్ముడుపోయిన ధరతో దానికి సంబంధము లేదు. తాము దాచుకొన్న సొమ్ములో కొంత మా దుకాణమునకు పెట్టుబడిగ ఇచ్చుటకు వారు సిద్ధపడిరి. అందుచేత దుకాణము పేరేమి, వెబ్‌సైటు రంగేమి అను చర్చను ప్రక్కకు నెట్టి, ఆ సొమ్ము మునుగకుండుటకు ముందుగ తెలిసికొనవలసినది ఏమో విచారించితిమి.

2007లో బెంగళూరున సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అను ఇరువురు యువకులు ఫ్లిప్‌కార్ట్‌ను పుస్తకముల దుకాణముగ ప్రారంభించిరి. వారికి తొలి ఆర్డరు వచ్చినది మన మహబూబ్‌నగర్ నుండియే. కోరినది జాన్ వుడ్ వ్రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ది వరల్డ్' అను గ్రంథము. అది వారి చేతిలో లేదు. బెంగళూరు పుస్తక దుకాణములు గాలించి, ఎట్టకేలకు ఒక ప్రతిని సంపాదించి పంపిరి. పుస్తకము కనుక అది సాధ్యమైనది; ఏ దుకాణమున కొన్నను అదే పుస్తకము. చేతితో చేసిన గాజు అట్లు కాదు. ఫోటోలో చూపిన జత అమ్ముడైన పిదప సరిగ దానివంటిదే మరొకటి ఎచటను దొరకదు. కావున చేతనున్న సరుకునే చూపవలెననియు, చేయించి పంపునదైనచో పట్టు దినములు ముందే వ్రాయవలెననియు నిశ్చయించుకొంటిమి.

అన్నిటికంటె మా కాలమును ఎక్కువ తినినది కొలత. "రెండు నాలుగు" అనగా గాజు లోపలి అడ్డుకొలత రెండంగుళములు, దానిపై అంగుళమున పదహారింట నాలుగు వంతులు; అనగా 2.25 అంగుళములు, సుమారు 57 మిల్లీమీటర్లు. "రెండు ఆరు" 60 మిల్లీమీటర్లు, "రెండు ఎనిమిది" 63.5. చదువుకొన్నవారే 2-4ను 2.4 అంగుళములని భావింతురు. 2.4 అంగుళములనగా 61 మిల్లీమీటర్లు, ఇంచుమించు "రెండు ఆరు" కొలతయే! మేమును మొదట ఆ పొరపాటు చేసినవారమే. లక్క గాజు బిగువైనచో బలవంతముగ ఎక్కింపరాదు, విరిగిపోవును. కనుక ఇంటనున్న గాజు లోపలి వెడల్పును స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లలో తెలుపుడని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటను వ్రాయవలెను. ప్రతి జతకును ప్రక్కన స్కేలు పెట్టి, పగటి వెలుగులో, ఒక ఫోటో తీయవలెను. దీపపు వెలుగులో తీసినచో రాళ్లు బాగుగ మెరయును గాని రంగు అబద్ధమాడును.

కొలత తప్పినచో ఏమగునో లెక్క వేసి చూతము. జత ధర 500 రూపాయలనుకొనుడు. గాజులకు 260, పెట్టెకు 30, పంపుటకు 80, చెల్లింపు సేవ రుసుము నూటికి రెండు చొప్పున 10, మొత్తము 380. మిగులు 120. చూచుటకు బాగుగనే యున్నది. పదింటిలో రెండు తిరిగివచ్చినచో? నిలిచిన ఎనిమిదింటిపై 960 వచ్చును. తిరిగివచ్చిన ఒక్కొక్క దానిపై పెట్టె, రెండు దారుల ఖర్చు, రుసుము కలిసి 200 పోవును. మిగులు 560. ఆ రెండు జతలు విరిగి వచ్చినచో మరి 520 పోయి, పది ఆర్డర్లకు గాను చేతికి వచ్చునది 40 రూపాయలు. ఈ లెక్క వేసిన దినమున మాలో ఎవ్వరును ఎక్కువ మాటలాడలేదు.

వేడికి లక్క మెత్తబడును. చేయువారు నిప్పులపై దానిని మలచునది ఆ గుణము చేతనే. అందువలన ఎండకాలమున పార్సెలు ఎండలో నిలుచునను భయమును కలదు. లోపల గట్టి గొట్టము, చుట్టును మెత్తని కాగితము ఉంచి పంపవలెను. డబ్బు ముందే యూపీఐ ద్వారా తీసికొనుట మేలు; సరుకు అందిన పిదప చెల్లించు పద్ధతిలో తలుపు వద్దనే వద్దనువారు ఉందురు.

చట్టము విషయమున కొన్ని మాటలు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమములను బట్టి, చెప్పిన లక్షణములు లేని సరుకును తిరిగి తీసికొనక తప్పదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. కొన్నవారివలె నటించి మన సరుకును మనమే పొగడుకొనుట నిషిద్ధము. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అయితే ఆ గుర్తింపును వాడుకొనుటకు అధీకృత వినియోగదారులుగ నమోదు కావలెను. మన కుటుంబములు నమోదగువరకు "లక్క గాజులు" అని మాత్రమే వ్రాయుదుము. పన్ను సంగతి అమ్ము పద్ధతిని బట్టి మారును గనుక లెక్కల నిపుణుని అడుగనున్నాము.

పెద్ద సంస్థల వేదికలపై కొనువారు దొరకుదురు గాని కమిషను పోవును. సొంత వెబ్‌సైటుకు దానంతటది ఎవ్వరును రారు. కనుక తొలుత వాట్సాప్ కేటలాగుతో, పన్నెండు నమూనాలతో, మూడు కొలతలతో మొదలిడుటకు అనుకొంటిమి. ఫోటోలు తీయుటకు ఉత్తరపు కిటికీ గల గది, సరుకు దాచుటకు ఒక బీరువా ఇప్పించవలసినదిగ కళాశాల కమిటీ వారిని కోరుచున్నాము.

ఇదంతయు వివరించినపుడు ఆ తల్లులలో ఒకరు, "తిరిగివచ్చిన గాజుల నష్టము ఎవరిది, బేటా?" అని అడిగిరి. దుకాణముదే అని చెప్పితిమి. గాజులు మా చేతికిచ్చిన దినముననే కూలి చెల్లింతుమని ఒప్పందపు కాగితమున మొదటి వాక్యముగ వ్రాసితిమి. ఆమె దానిని ఉర్దూలో చదివించుకొని సంతకము చేసిరి.