ఇంగ్లీషు గద్యంలో ప్రాచీన శైలి: ప్రసంగీకుడు గుర్తించవలసిన సంగతులు

మన సేవకులలో అనేకులు ప్రసంగ సిద్ధపాటు కొరకు 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ తర్జుమాను, ఆ భాషలోనే వ్రాయబడిన పాత వ్యాఖ్యానాలను సంప్రదిస్తుంటారు. ఆ శైలిని గుర్తించలేకపోతే వాక్యభావమే తారుమారయ్యే ప్రమాదమున్నది.

మొదటి గుర్తు సర్వనామాలు. ‘దౌ’, ‘దీ’ ఏకవచనం. ‘యీ’, ‘యూ’ బహువచనం. దేవుని విషయంలో వాడారు గనుక ‘దౌ’ గౌరవవాచకమని కొందరు బోధిస్తారు. ఇది సరికాదు. సాతానును గద్దించినప్పుడు కూడ ఆ తర్జుమాలో ఏకవచనమే ఉన్నది (మత్తయి 4:10). లూకా 22:31-32 చూడండి. సాతాను కోరినది ‘యూ’, అనగా శిష్యులందరిని. ప్రభువు వేడుకొన్నది ‘దీ’, అనగా పేతురు ఒక్కని కొరకు. నేటి ఇంగ్లీషులో రెండూ ‘యూ’యే. మన తెలుగు బైబిలులో ‘మిమ్మును’, ‘నీ’ అని ఆ భేదం స్పష్టంగా నిలిచియున్నది.

రెండవ గుర్తు క్రియల చివర వచ్చే ‘ఎత్’, ‘ఎస్ట్’ అను ప్రత్యయాలు. అయితే ఇట్టి రూపాలను బట్టి మాత్రమే రచనాకాలాన్ని నిర్ణయించరాదు. 1952 నాటి రివైజ్డ్ స్టాండర్డ్ తర్జుమా సహితం దేవునితో మాటలాడు చోట్ల ‘దౌ’ను ఉంచుకొన్నది. 1989లో వచ్చిన దాని నూతన సవరణ దానిని విడిచిపెట్టింది.

మూడవది మిక్కిలి ప్రమాదకరమైనది. వింతగా కనబడే మాట మనలను నిఘంటువు వద్దకు పంపుతుంది. తెలిసినట్లు కనబడే మాట పంపదు. ‘లెట్’ అనగా నేడు అనుమతించుట, 2 థెస్స. 2:7లో అడ్డగించుట. ‘ప్రివెంట్’ అనగా నేడు నివారించుట, 1 థెస్స. 4:15లో ముందుగా వెళ్లుట. మార్కు 10:14లోని ‘సఫర్’ శ్రమపడుట కాదు, రానిచ్చుట.

సేవ ఆరంభించిన దినాలలో నేను ఫిలిప్పీ 1:27లోని ‘కన్వర్సేషన్’ను సంభాషణ అనుకొని, నాలుకను అదుపులో ఉంచుకొనుటను గూర్చి ప్రసంగించాను. ఆరాధన ముగిసిన తరువాత ఇంగ్లీషు రాని ఒక సంఘపెద్ద తన బైబిలు తెరచి, “అయ్యగారూ, ఇక్కడ ‘ప్రవర్తించుడి’ అని ఉన్నదండి” అన్నారు. ఇంటికి వెళ్లి గ్రీకు మూలం చూశాను. పౌరులకు తగినట్లు జీవించుట అని దాని భావం. మాటలు ఆ జీవితంలో ఒక భాగం మాత్రమే.

కాబట్టి పాత ఇంగ్లీషు వాక్యాన్ని ప్రసంగంలో వాడకముందు దానిని తెలుగు బైబిలుతోను, ఒక ఆధునిక తర్జుమాతోను పోల్చి చూడండి. భేదం కనబడితే మూలభాషను పరిశీలించిన తరువాతనే బోధించండి.