ట్యాంకు నిండితే గంట... మీరే చేసుకోండి!

“అమ్మా! ట్యాంకు నిండింది... నీళ్లు కారిపోతున్నయ్!”

బసంత్‌నగర్‌లోనైనా, గోదావరిఖనిలోనైనా పొద్దున్నే ఈ కేక వినపడని వాడ ఉంటుందా? చేతిలో గరిటె అలాగే ఉంటుంది, మోటారు ఆపడానికి పరుగు! ట్యాంకు నిండగానే గంట మోగితే బాగుండనిపిస్తుంది కదూ? ఆ గంట మీరే చేసుకోవచ్చు. ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, వేలకు వేలు పోయక్కర్లేదు.

ఏమిటీ మైక్రోకంట్రోలర్?

వాషింగ్ మెషిన్‌లో నీళ్లెప్పుడు పట్టాలో, డ్రమ్ము ఎప్పుడు తిరగాలో చెప్పే చిన్న చిప్పే మైక్రోకంట్రోలర్. మనం రాసిచ్చిన ఆదేశాలను అది వరుసగా పాటిస్తుంది. అలా రాయడమే ప్రోగ్రామింగ్. ఇంజినీర్లు కానివాళ్లకూ ఇది రావాలని 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, డిజైన్ విద్యార్థుల కోసం ‘ఆర్డ్యునో’ బోర్డు తయారుచేశారు.

ముందు పైసా ఖర్చు లేకుండా...

పిల్లలు అడిగారని వేలు పోసి పెద్ద కిట్ కొనేయకండి. సగం సామాను డబ్బాలోనే ఉండిపోతుంది. ఇంట్లో కంప్యూటర్, నెట్ ఉంటే ‘టింకర్‌క్యాడ్’లో ఉచితంగా బొమ్మ బోర్డు మీదే తీగలు కలిపి, ప్రోగ్రామ్ నడిపి చూడొచ్చు. తప్పు చేసినా కాలిపోయేదేమీ లేదు. రెండు వారాలయ్యాక కూడా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు కొనండి.

ఏ బోర్డు కొనాలి?

అసలు ఆర్డ్యునో ఊనో రెండు వేలకు అటూఇటూ ఉంటుంది. దాని డిజైన్ అందరికీ ఇచ్చేశారు కాబట్టి అదే తీరులో వేరేవాళ్లు చేసిన బోర్డులు నాలుగైదు వందల్లో దొరుకుతాయి. కొత్తవారికి ఇది చాలు. కంప్యూటర్ దాన్ని గుర్తించకపోతే పాడైందని కంగారుపడకండి, సాధారణంగా ‘సీహెచ్340’ డ్రైవర్ వేస్తే సరిపోతుంది. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పీకో కూడా చవకే. వైఫై కావాలంటే ఈఎస్‌పీ32 ఉంది. హైదరాబాద్ వెళ్లే పని పడితే కోఠీ గుజరాతీ గల్లీలో విడి సామాన్లు దొరుకుతాయి. లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

గంట ఇలా...

ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ బిగించాలి. దాని ఒక తీగ బోర్డులో 2వ పిన్నుకి, రెండోది గ్రౌండ్‌కి కలపాలి. 5 వోల్టుల చిన్న బజర్‌ను 8వ పిన్నుకి, గ్రౌండ్‌కి కలపాలి. ప్రోగ్రామ్ పట్టుమని పాతిక లైన్లు కూడా ఉండదు.

“స్విచ్, బజర్, బ్యాటరీ ఉంటే చాలు కదా, బోర్డెందుకు?” అంటారా? నిజమే. కానీ పది సెకన్లు మోగి ఊరుకోవాలన్నా, మీరు మోటారు ఆపకపోతే నిమిషానికోసారి గుర్తుచేయాలన్నా బోర్డు కావాలి. తీగలు మార్చక్కర్లేదు, నాలుగు మాటలు మారిస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. 230 వోల్టుల మోటారు తీగల జోలికి మాత్రం వెళ్లొద్దు. అది ఎలక్ట్రీషియన్ పని. గంట వరకు 5 వోల్టులతోనే సరిపోతుంది.

‘ఈ వయసులో మనకెందుకులే’ అనుకోకండి. భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు ఆడవాళ్లను తీసుకోవచ్చని కేంద్రం 2019లో అనుమతించింది. గనిలోకే దిగుతున్నాం, గుప్పెడంత బోర్డుకు జంకుతామా? ఈ ఆదివారం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి!