కాల్షియం తగ్గితే శంఖభస్మం చాలునా?

‘ఒంట్లో సున్నం తగ్గింది’ అనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. వెంటనే రాగిజావ త్రాగమనీ, నువ్వుల ఉండలు తినమనీ పెద్దలు సలహా ఇస్తారు. ముప్పై ఏళ్లుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్న నేనూ అదే చెబుతూ వచ్చాను. నా సహధర్మచారిణి విషయంలో మాత్రం ఆ సలహా వికటించింది. పాఠకులకు ఉపయోగపడగలదని నా పొరపాటును దాచకుండా వ్రాస్తున్నాను.

2018లో ఆమెకు గళగండం పెరిగినందున థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తొలగించవలసి వచ్చింది. శస్త్రచికిత్స జరిగిన రెండవనాటి రాత్రి, “ఏమండీ, పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్లుంది” అన్నది. తెల్లవారేసరికి చేతివేళ్లు కొంకర్లు పోయాయి. ఒక డెసిలీటరు రక్తంలో కాల్షియం సాధారణంగా 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఆమెకు 6.8 మాత్రమే ఉన్నది.

థైరాయిడ్ వెనుక బియ్యపుగింజలంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. వీటిని మొదట గుర్తించినది మనిషిలో కాదు. లండన్ జంతు ప్రదర్శనశాలలో మరణించిన భారతీయ ఖడ్గమృగం దేహాన్ని పరిశీలిస్తూ రిచర్డ్ ఓవెన్ 1850లో వీటిని కనుగొన్నాడు. అంత పెద్ద జంతువులో గాని కంటికి ఆనలేదు కాబోలు! మానవదేహంలో వీటిని 1880లో స్వీడన్ దేశీయుడు ఇవార్ శాండ్‌స్ట్రోమ్ వివరించాడు. మెడకు శస్త్రచికిత్స చేసేటప్పుడు ఇవి దెబ్బతినవచ్చు, లేదా వీటికి రక్తప్రసారం తగ్గవచ్చు. చాలామందికి కొన్ని వారాలలో, నెలలలో కోలుకుంటాయి. నా భార్యకు కోలుకోలేదు.

కాల్షియం కార్బొనేట్ బిళ్లలతో, కాల్సిట్రియాల్ మందుతో కాల్షియం 8.3కు చేరింది. వైద్యులు ఇది చాలునన్నారు. నాకు తృప్తి కలుగలేదు. వారికి చెప్పకుండానే రెండుపూటలా శంఖభస్మం ఇచ్చాను. రాగిజావ, నువ్వుల ఉండలు సరేసరి. నెలన్నర గడిచేసరికి తీరని దాహం, మలబద్ధకం, రాత్రిళ్లు పదేపదే మూత్రం, ఆపైన వాంతులు. పిత్తప్రకోపమనుకొని మరి నాలుగు రోజులు వృథా చేశాను. చివరకు ఆసుపత్రిలో పరీక్షిస్తే కాల్షియం 12.1 ఉన్నది, మూత్రపిండాల పనితీరు కూడా మందగించింది. సెలైన్ ఎక్కించి, మందులు నిలిపివేసి ఆమెను నిలబెట్టారు.

“వైద్యులుగారూ, ఆమెకు లోపించినది కాల్షియం కాదండీ, దానిని నడిపించే హార్మోను” అన్నారు అక్కడి యువవైద్యురాలు. ఆ మాట నాకు కనువిప్పు. పారాథైరాయిడ్ హార్మోను ఎముకలనుండి కాల్షియాన్ని రక్తంలోకి తెస్తుంది. మూత్రంలో పోకుండా ఆపుతుంది. మూత్రపిండాలలో విటమిన్ డి పనిచేసే రూపానికి మారేటట్లు చేస్తుంది. ఆ హార్మోను లేనప్పుడు మనం ఎంత పోసినా మూత్రపిండాలు తగినంత పట్టి ఉంచలేవు. రక్తంలో అంకె సరిగా కనబడుతున్నా మూత్రంలో కాల్షియం అధికంగా పోయి రాళ్లు ఏర్పడవచ్చు, మూత్రపిండాలలోనే సున్నం పేరుకోవచ్చు. అందుచేతనే వైద్యులు సాధారణస్థాయి అడుగు అంచున, లేదా అంతకంటె కొంచెం దిగువన, బాధలు లేనంతవరకు ఉంచుతారు. శంఖ, ప్రవాళ, కపర్దిక, ముత్యపుచిప్ప భస్మాలలో అధికభాగం కాల్షియం కార్బొనేటే. అంటే ఆసుపత్రివారి బిళ్లనే నేను వేరొక పేరుతో మళ్లీ ఇచ్చానన్నమాట!

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. తెల్లవారుజామున పరగడుపున థైరాయిడ్ బిళ్ల. కాల్షియానికీ దానికీ నాలుగు గంటల వ్యవధి తప్పనిసరి, లేకుంటే థైరాయిడ్ మందు ఒంటబట్టదు. కాల్షియం కార్బొనేటును భోజనంతోనే తీసుకుంటుంది. అలా తీసుకుంటే బాగా జీర్ణమై, ఆహారంలోని భాస్వరాన్ని కూడా కొంత పట్టివేస్తుంది. ఈ వ్యాధిలో రక్తంలో భాస్వరం పెరుగుతుంది. పాలలో కాల్షియంతోపాటు భాస్వరమూ ఉన్నది గనుక గ్లాసులకొద్దీ పాలు మందుకు ప్రత్యామ్నాయం కావు. రాగులు మానలేదు, 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మంచి ధాన్యమది. అయితే ఆహారంగానే, రోజూ ఒకే మోతాదులో. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంది కాబట్టి ఆవకాయకు కళ్లెం వేశాము. ఆమెకు ఇది అన్నింటికంటె కష్టమైన పథ్యం!

రక్తంలో కాల్షియం, భాస్వరం, మెగ్నీషియంతోపాటు 24 గంటల మూత్రంలో కాల్షియం కూడా వైద్యులు చెప్పిన గడువులలో చూపిస్తున్నాము. మెగ్నీషియం తగ్గితే కాల్షియం కుదుటపడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్ననాడు మందు ఒంటబట్టదు. ఆనాడు ఆలస్యం చేయక వైద్యునికి తెలుపుతాము. కొంకర్లు ఎక్కువైనా, గొంతు బిగిసినట్లున్నా, ఈడ్పులు వచ్చినా వంటింటి చిట్కాలతో కాలయాపన చేయరాదు. ఆసుపత్రిలో నరం ద్వారా కాల్షియం ఇవ్వవలసినదే.

ఏకాదశి ఉపవాసంనాడు కూడా ఆమె బిళ్ల మానదు. పండ్లు, పాలతో వేసుకుంటుంది. మొన్నటి పరీక్షలో మళ్లీ 8.3 వచ్చింది. ఈసారి నేనేమీ కలపలేదు.