కార్యాలయములలో పాతబడిన కంప్యూటర్లు

విశ్వవిద్యాలయ మనగానే తరగతి గదులు, గ్రంథాలయములు, ప్రయోగశాలలు మనకు స్ఫురించును. కాని విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించు పెక్కు పనులు కార్యాలయపు బల్లమీదనే జరుగుచున్నవి. ఫీజుల లెక్కలు, హాజరు పట్టికలు, పరీక్షల మార్కులు, జీతముల బిల్లులు నేడు కంప్యూటర్లలోనే యున్నవి. జమ్మలమడుగులో డిగ్రీ చదివిన యువకుని మార్కులు కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమున భద్రముగా నుండవలెను. ప్రొద్దుటూరులో ఆ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల కలదు. పులివెందులలో 2006లో స్థాపింపబడి, నేడు అనంతపురము జె.ఎన్.టి.యు.కు చెందిన మరియొక కళాశాల కలదు. ఇట్టి సంస్థలలో ఉద్యోగుల కంప్యూటర్లు పాతబడినపుడు చేయవలసిన దేమి?

ముందుగా, పాతబడుట యన నేమో తెలిసికొందము. పులివెందుల ప్రాంతపు రైతు అరటి తోటలో మొదటి గెల కోసిన పిదప పిలకను పెంచి మరల కాపు తీయును. కాపు తగ్గినపుడు తోటను తీసివేసి క్రొత్త మొక్కలు నాటును. అప్పటికిని ఆకు పచ్చగానే కనబడును. కంప్యూటరును అట్టిదే. మీట నొక్కగానే వెలిగినంత మాత్రమున అది పనికి వచ్చునని చెప్పరాదు.

2015లో వెలువడిన విండోస్ 10కు ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఆనాటితో యంత్రము ఆగిపోలేదు. కాని తరువాత బయటపడు లోపములకు మందు లేదు. రుసుము చెల్లించిన సంస్థలకు మూడేండ్ల వరకు సవరణలు లభించును. అది గడువే గాని పరిష్కారము కాదు. విండోస్ 11కు 4 జి.బి. మెమరీ, 64 జి.బి. నిల్వ, టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనము కావలెను. 2017కు పూర్వపు యంత్రములలో అధిక భాగము ఈ పరీక్షలో నెగ్గవు.

అట్లని అన్నింటిని పారవేయ నక్కరలేదు. వేసవిలో మన ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటును. దుమ్ముతో ఫ్యాను మూసుకొనిపోగా యంత్రము వేడెక్కి మందగించును. శుభ్రపరచి, తిరుగుడు డిస్కునకు మారుగా ఎస్.ఎస్.డి. నమర్చినచో అది చురుకుగా పనిచేయును. విండోస్ 11కు చాలని యంత్రములపై ఉచితముగా లభించు లినక్సును నడుపవచ్చును.

క్రొత్తవి కొనునపుడు ఎవరికి ముందు? అధికారి గదికి క్రొత్తది, గుమాస్తా బల్లకు ఆయన విడిచినది అను పద్ధతి తగదు. సంతకము పెట్టువానికంటె వేలకొలది మార్కులను ఎక్కించువానికే మంచి యంత్రము అవసరము. ఒక్కసారి అన్నింటిని మార్చక, ఏటేట నాలుగవ వంతు మార్చినచో ఖర్చు సమముగా సాగును.

యంత్రముకంటె విలువైనది అందలి సమాచారము. కడపలో బ్రౌను దొర పండితులను నియమించి, జీర్ణించుచున్న తాళపత్ర గ్రంథములకు కాగితముపై ప్రతులు వ్రాయించెను. నేటి కార్యాలయములకును ఆ జాగ్రత్త కావలెను. పూర్వము అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పత్రములు, ఆ ఫాంటు లేని యంత్రమున అర్థము లేని గుర్తులుగా కనబడును. పాతది తీసివేయక మునుపే వానిని యూనికోడు లోనికి మార్చవలెను. ప్రొద్దుటూరు బంగారు వర్తకుడు గీటురాయిపై గీయక సొమ్ము తీసికొనడు. అట్లే ప్రతిని తెరచి సరిచూచిన తరువాతనే మూలమును చెరిపివేయవలెను.

చెరుపుటలోను మెలకువ కావలెను. ఫైలును తొలగించుట విషయసూచికలో పేరు కొట్టివేయుట వంటిది. పుట అట్లే యుండును. కనుక డిస్కును పూర్తిగా తుడిచి, లేదా ధ్వంసము చేసి పంపవలెను. లేనిచో విద్యార్థుల వివరములు పాత సామానుల అంగడికి చేరును.

తుదకు యంత్రము ఎచ్చటికి పోవలెను? పాత గాజు తెరలలో సీసము కలదు. తీగలను కాల్చిన పొగ విషము. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము, ఏటా వేయి పరికరములకు తక్కువ కాకుండ వాడు సంస్థలు వానిని నమోదైన సంస్థలకే అప్పగింపవలెను. చిన్న కళాశాలలకును ఇదియే మేలైన మార్గము.

ఏ యంత్రము ఎప్పుడు కొన్నది, ఎవరివద్ద నున్నది, ఎప్పుడు మార్చవలసినది అని తెలుపు పట్టిక నొకదానిని ప్రతి కార్యాలయము నేడే ప్రారంభించుట మంచిది. ఉద్యోగమునకు పోవు విద్యార్థికి కావలసిన పత్రము కావలసిన దినమున చేతికందుట అట్టి పట్టికపై ఆధారపడి యున్నది.