వెలుగు గది వెల

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్నది మన పెద్దల మాట. ముందుగా వేసుకొన్న లెక్క ఈ రెండింటిలోనూ చివరి వరకు నిలువదని దాని భావం. ఉన్న ఇంటికి ఒక గదిని చేర్చడం కూడా ఇటువంటి పనియే. చలిదేశాల ప్రజలు సూర్యరశ్మి కొరకు ఇంటికి ఆనించి అద్దాల గదిని కట్టుకొంటారు. దానిని ‘సన్‌రూమ్’ అంటారు. అటువంటి గదిని నిజామాబాదులో కట్టదలచినవారు దాని వెలను ఎట్లా లెక్కించాలి? మేస్త్రీ చెప్పే గుత్త ధర ఆ లెక్కలో ఒక భాగం మాత్రమే.

మొదటిది కట్టుబడి ఖర్చు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదికి 5 అంగుళాల మందం స్లాబు వేస్తే 50 ఘనపుటడుగుల కాంక్రీటు కావాలి. దానికి సుమారు 11 బస్తాల సిమెంటు, 21 ఘనపుటడుగుల ఇసుక, 42 ఘనపుటడుగుల కంకర, 100 నుండి 120 కిలోల ఇనుము పడతాయి. ధరలు మారుతుంటాయి గాని ఈ పరిమాణాలు పెద్దగా మారవు. కనుక పరిమాణాలు తెలిసినవాడు ఏనాటి ధరతోనైనా తానే లెక్క కట్టుకోగలడు. పన్నులు సైతం మారుతాయి. సిమెంటుపై 28 శాతంగా ఉండిన జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతానికి తగ్గింది.

రెండవది నేల కోరే ఖర్చు. బోధన్ పరిసరాలలో నల్లరేగడి నేలలు ఉన్నాయి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పాత ఇల్లు ఏండ్ల తరబడి నేలలో కుదురుకొని ఉంటుంది. కొత్త గది అప్పుడే కుదురుకోవడం మొదలుపెడుతుంది. పునాది గట్టినేల వరకు పోకపోతే, పాత గోడ, కొత్త గోడ కలిసేచోట పగులు ఏర్పడి వాననీరు లోపలికి దిగుతుంది. పునాదిలో మిగిల్చిన డబ్బు మరమ్మతులకు ఖర్చవుతుంది.

మూడవది ఎండకు చెల్లించే ఖర్చు. అద్దం సూర్యకాంతిని లోపలికి రానిస్తుంది. ఆ కాంతికి వేడెక్కిన నేల, గోడలు వెలువరించే ఉష్ణకిరణాలను మాత్రం తిరిగి బయటకు పోనీయదు. చలిదేశంలో ఈ గుణం వరం. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే నిజామాబాదులో ఇదే శాపం. పడమటి వైపు 10 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు గల సాదా అద్దం పెట్టామనుకొందాం. వేసవిలో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళ దాని గుండా సుమారు మూడు కిలోవాట్ల వేడి లోపలికి ప్రవేశిస్తుంది. దానిని తొలగించడానికే దాదాపు ఒక టన్ను ఏసీ కావాలి. అది గంటకు సుమారు ఒక యూనిట్ విద్యుత్తును వాడుకొంటుంది. రోజుకు ఆరు గంటల చొప్పున 90 రోజులకు 540 యూనిట్లు! ఈ ఖర్చు ప్రతి వేసవిలోనూ తిరిగి వస్తుంది.

అట్లని వెలుగును వదులుకోనవసరం లేదు. నిజామాబాదు సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మే నడిమికి సరిగా నడినెత్తికి వస్తాడు. కాబట్టి దక్షిణం వైపు తెరచి ఉన్న 8 అడుగుల ఎత్తు వసారాలోకి డిసెంబరులో మిట్టమధ్యాహ్నపు ఎండ 7 అడుగుల మేర వస్తుంది. మే నెలలో ఆ వేళకు దాదాపు రాదు. అద్దం లేకుండానే చలికాలంలో ఎండను, వేసవిలో నీడను ఇచ్చే గది ఇది. తెలంగాణలోని పాత భవంతి ఇండ్లలో నడుమ ఆకాశానికి తెరచి ఉంచిన జాగా సైతం వెలుగును, గాలిని ఇచ్చేది.

నాలుగవది అప్పు ఖర్చు. రెండు లక్షల రూపాయలను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 48 వేలు వడ్డీ అవుతుంది. నాలుగేండ్ల రెండు నెలలలో వడ్డీయే అసలంత అవుతుంది. చెరుకు పది, పన్నెండు నెలల పంట. దానిని నమ్ముకొన్న రైతుకు రాబడి ఏడాదికొకసారి వస్తుంది, వడ్డీ మాత్రం నెలనెలా పెరుగుతుంది. 1937లో స్థాపించిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం ఎన్నో కుటుంబాలకు ఆధారమై, 2015 డిసెంబరులో మూతపడింది. రాబడి ఆగినంత మాత్రాన వడ్డీ ఆగదు. కనుక చేతిలో ఉన్నంతతో ఈ ఏడు పునాది, మరుసటి ఏడు గోడలు అన్నట్లు దశలవారీగా కట్టుకోవడం వెనుకబాటుతనం కాదు, వివేకం.

కాబట్టి గది కట్టబోయేవారు కట్టుబడికి ఎంత, నేలకు ఎంత, ప్రతి వేసవికి ఎంత, వడ్డీకి ఎంత అని నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ దిక్కున గది కట్టాలో, దానికి ఎంత అద్దం పెట్టాలో ఆ తరువాతనే నిర్ణయించుకోవాలి. ఎండ ఉచితంగానే లభిస్తుంది. అయితే దానిని ఏ దిక్కు నుండి ఇంటిలోకి ఆహ్వానిస్తున్నామన్న దానిని బట్టి అది ఆ కుటుంబానికి మేలైనా కావచ్చు, భారమైనా కావచ్చు.